తాత్కాలికం అన్న మాట పక్కన ఒక తేదీ రాయండి

కేంద్ర హోం మంత్రిత్వ శాఖ అధికారులకు, కేంద్ర సాయుధ పోలీసు దళాల డైరెక్టర్ జనరళ్లకు,

అయ్యా, అమ్మా, నమస్కారం.

నేనొక జవాను భార్యను. మాది శ్రీకాకుళం జిల్లా ఉద్దానం. మా ఆయన మీ దళాల్లో ఒకదానిలో హెడ్ కానిస్టేబుల్. ఏ దళమో, ఏ బెటాలియనో రాయడం లేదు. ఈ ఉత్తరం వల్ల ఆయనకు మాట రాకూడదు. ఇందులో ఉన్నవన్నీ నా మాటలే, ఆయన రాయించినవి కావు. మా ఊళ్లలో సైన్యమైనా, సీఆర్పీఎఫ్ అయినా, బీఎస్ఎఫ్ అయినా అందరినీ కలిపి మిలిటరీ అనే అంటారు. మిలిటరీ వాళ్ల ఇల్లు ఎటు అని ఎవరైనా అడిగితే మా గుమ్మం చూపిస్తారు. ఆ మాట విన్నప్పుడల్లా ఇప్పటికీ గర్వంగానే ఉంటుంది. అది ముందు చెప్పుకుని తర్వాత సంగతి రాస్తున్నాను.

అడగదలచింది మొదటే అడిగేస్తాను. జవానును తాత్కాలిక డ్యూటీ మీద దేశంలోనే ఇంకో చోటికి పంపినప్పుడు కుటుంబం వెంట వెళ్లడానికి వీల్లేదు. ఆ నియమం ఎందుకు ఉందో నాకు తెలుసు. పెళ్లయిన దగ్గర్నుంచీ దానికి లోబడే ఉన్నాను. కానీ ఒక తాత్కాలికం ముగియకుండానే ఇంకొకటి, దాని వెనకే మరొకటి వచ్చి ఏడాది మొత్తం అలాగే గడిచిపోతే, దాన్ని తాత్కాలికం అని ఎన్నాళ్లు అంటారు? ఆ మాటకు ఒక గడువు పెట్టండి. గడువు దాటిన తర్వాత మేము వెళ్లి కొన్నాళ్లు కలిసి ఉండటానికి దారి చూపించండి.

ఇది ఎక్కడో చదివి అడుగుతున్న మాట కాదు కాబట్టి మా ఇంట్లో జరిగిన ఒక పదిహేను నెలల సంగతి చెబుతాను.

2018 అక్టోబరు మొదట్లో మా ఆయన కంపెనీకి, అంటే సుమారు వంద మంది జవాన్ల జట్టుకు, మూవ్ వచ్చింది. వేరే చోటికి కదలమనే ఆదేశాన్ని మూవ్ అంటారు. ఛత్తీస్‌గఢ్ ఎన్నికలు. అప్పుడు మేం బెటాలియన్ హెడ్‌క్వార్టర్ దగ్గర ఫ్యామిలీ క్వార్టర్లో ఉండేవాళ్లం. ‘ఎన్నికల డ్యూటీయే కదా, నవంబరు ఆఖరుకు వచ్చేస్తాను, నువ్వు దసరాకు ఊరెళ్లు’ అన్నారు. ఇద్దరు పిల్లల్ని తీసుకుని మా అత్తవారి ఊరు వచ్చాను. అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను మా పలాస దగ్గరే తీరం దాటింది. ఉద్దానం వాళ్లకు ఆ రాత్రి గురించి ఎవరూ చెప్పక్కర్లేదు. కొబ్బరి చెట్లు ఒకదాని వెనక ఒకటి విరిగిపడుతుంటే ఆ చప్పుడుకు మా అమ్మాయి నా చెవులు మూసేది, తన చెవులు కాదు. మా ఇంటి రేకులు లేచిపోయాయి. అత్తమ్మ, మావయ్య, నేను, పిల్లలు మంచం కింద దూరి తెల్లవార్లూ తడిశాం. కరెంటు లేదు, సెల్ టవర్లు లేవు. మూడో రోజున ఊళ్లో ఒకబ్బాయి బండి మీద సిగ్నల్ ఉన్న చోటికి తీసుకెళ్తే అప్పుడు మా ఆయన గొంతు విన్నాను. ఆయన అప్పటికి రెండు రాత్రులుగా నిద్రపోలేదు. టీవీలో మా జిల్లానే చూపిస్తున్నారట. ఎన్నికలు దగ్గర పడ్డాయి, ఛుట్టీలు ఆపేశారు. ఆ అధికారిని నేను తప్పుపట్టను. వంద మంది జవాన్లుంటే వంద ఇళ్లలో వంద కారణాలుంటాయి. ఎన్నిక ఆగదు.

ఛత్తీస్‌గఢ్‌లో నవంబరు 20తో పోలింగ్ అయిపోయింది. ఇక వచ్చేస్తారనుకుంటే కంపెనీ అటునుంచి అటే తెలంగాణ వచ్చింది. అక్కడ డిసెంబరు 7న పోలింగ్. మా అమ్మాయికి అప్పుడు ఆరేళ్లు. మొదటి పాలపన్ను ఊడింది. ఊడిన పన్ను ఇంటి కప్పు మీద వెయ్యాలంటారు కదా, మా ఇంటికి అప్పటికి కప్పు లేదు. పరదా కట్టుకుని ఉంటున్నాం. ‘నాన్న చేత వేయిస్తాను’ అని ఆ పన్నును కాగితంలో చుట్టి పెన్సిల్ డబ్బాలో దాచుకుంది. ఛత్తీస్‌గఢ్ వెళ్లలేం గానీ తెలంగాణ ఎంత దూరం, భాష కూడా మనదే అనుకుని నేను బయల్దేరాను. కోణార్క్ ఎక్స్‌ప్రెస్‌లో రాత్రంతా కూర్చుని పొద్దున వరంగల్‌లో దిగి, అక్కణ్ణుంచి బస్సెక్కి, వాళ్లున్న ఊరు చేరుకున్నాం. కంపెనీని ఒక జూనియర్ కాలేజీలో దింపారు. బెంచీలన్నీ ఒక మూలకు నెట్టి, నేల మీద పరుపులు పరిచి, కిటికీ ఊచలకు దోమతెరలు కట్టుకున్నారు. అలాంటి చోట కుటుంబాలు ఉండలేవని చూడగానే ఎవరికైనా తెలుస్తుంది. నేను అక్కడ ఉంటాననీ అడగలేదు. లాడ్జీలో గది తీసుకున్నాను. చిన్న పిల్లలతో ఒంటరిగా వచ్చిన ఆడదాన్ని కాబట్టి ఆధార్ కార్డు రెండుసార్లు చూశారు, ఎవరి కోసం వచ్చావని నాలుగుసార్లు అడిగారు.

కంపెనీలో పెద్దాయన మంచివారు. సాయంత్రం ఆరింటి నుంచి తొమ్మిదింటి దాకా పర్మిషన్ ఇచ్చారు. మా ఆయన స్టీలు క్యారియర్‌లో మెస్ పూరీలు, బంగాళాదుంప కూర తెచ్చారు. రెండేళ్ల మా బాబు ఆయన్ని గుర్తుపట్టలేదు. నా వెనక నిలబడి చీర కొంగు పట్టుకుని చూస్తూ ఉన్నాడు. గుర్తుపట్టి దగ్గరికి వెళ్లేసరికి ఎనిమిదిన్నర అయింది. అమ్మాయి పన్ను ఇచ్చింది. ఆయన దాన్ని చొక్కా జేబులో పెట్టుకుని బొత్తాం వేసుకున్నారు. రెండు రోజులు ఉందామని గదికి రెండు రోజుల అద్దె కట్టాను. మర్నాడు పొద్దున్నే టిఫిన్ కట్టించుకుని కాలేజీ గేటు దగ్గరికి వెళ్తే లోపల ఎవరూ లేరు. తెల్లవారుజామున నాలుగింటికే వేరే మండలానికి మూవ్ అయిపోయారు. మధ్యాహ్నం ఫోన్ చేసి ‘పన్ను కాలేజీ డాబా మీద వేశానని అమ్మలుకు చెప్పు’ అన్నారు.

డిసెంబరు నెల మధ్యలో 20 రోజులు ఇంటికొచ్చారు. రేకులు వేయించారు. 2019 ఫిబ్రవరిలో మళ్లీ పిలుపు. ఏప్రిల్ 11 నుంచి మే 19 దాకా ఏడు విడతల్లో లోక్‌సభ ఎన్నికలు. ఏప్రిల్ 11న మా ఊళ్లో నేను ఓటేయడానికి వెళ్తే పోలింగ్ బూత్ దగ్గర ఒక జవాను నిలబడి ఉన్నాడు. హిందీలో పలకరించాను. ఇంటికి వెళ్లి ఎన్నాళ్లయిందని అడిగితే వేళ్లు మడిచి లెక్కపెట్టడం మొదలుపెట్టి, మధ్యలో ఆపేసి నవ్వాడు. చెంబుతో మజ్జిగ తెచ్చి ఇచ్చాను. మా ఆయన ఆ రోజు ఇంకో రాష్ట్రంలో ఇంకెవరి ఊళ్లోనో అలాగే నిలబడి ఉన్నారు. జూన్‌లో 15 రోజులు వచ్చి వెళ్లారు. జులైలో అమర్‌నాథ్ యాత్ర డ్యూటీ. ఆగస్టు 2న యాత్ర మధ్యలో ఆపేశారు. యాత్ర లేదు కదా, వచ్చేస్తారనుకున్నాను. ఆగస్టు 5 నుంచి కశ్మీర్‌లో ఫోన్లు ఆగిపోయాయి. పదకొండు రోజులు మా ఆయన నుంచి కబురు లేదు. ఆ పదకొండు రోజుల టెన్షన్ గురించి రాయలేను. డిసెంబరులో తిరిగొచ్చారు.

2018 అక్టోబరు నుంచి 2019 డిసెంబరు దాకా లెక్క చూడండి. పదిహేను నెలలు. అందులో మాతో ఉన్నది 35 రోజులు. కాగితం మీద చూస్తే ఆయనకు ఒక్క బదిలీ కూడా జరగలేదు. హెడ్‌క్వార్టర్ మారలేదు, చిరునామా మారలేదు. మా అత్తమ్మ ఒకసారి నన్ను కూర్చోబెట్టి అడిగింది, ‘తాత్కాలికం అంటే ఎన్నాళ్లే అమ్మా?’ అని. ఆమెకు చదువు లేదు. తెలియకే అడిగింది. నాకూ తెలియదు. ఇప్పుడు మిమ్మల్ని అడుగుతున్నాను.

మామూలు కేంద్ర ప్రభుత్వ ఉద్యోగుల విషయంలో దీనికి జవాబు ఉంది. ఒక ఉద్యోగిని తాత్కాలికంగా వేరే ఊరికి పంపితే 180 రోజుల దాకా టూర్ కింద లెక్క. అది దాటితే బదిలీ కింద లెక్క. బదిలీ అంటే కుటుంబానికి ప్రయాణ ఖర్చులు, సామాను ఖర్చులు, కొత్త చోట క్వార్టర్ అడిగే హక్కు. ఆరు నెలల తర్వాత మనిషి అక్కడ ఉంటున్నట్టే లెక్కని ఆ నియమం రాసిన వాళ్లు ఒప్పుకున్నారు. మరి జవాను సంగతి? కంపెనీ ఏ ఒక్క చోటా 180 రోజులు ఉండదు. ఇక్కడ 50 రోజులు, అక్కడ 40 రోజులు, ఇంకోచోట 90 రోజులు. ప్రతి మూవ్‌తో లెక్క మళ్లీ ఒకటి నుంచి మొదలవుతుంది. ఊరు మారింది గానీ ఇంటికి దూరంగా ఉన్న మనిషి మారలేదు కదా. లెక్క ఊరిని బట్టి పెట్టకండి, మనిషిని బట్టి పెట్టండి. ఇల్లు వదిలిన రోజు నుంచి ఇంటికి చేరిన రోజు దాకా ఎన్ని రోజులో అన్ని రోజులూ కలపండి. నేను కోరేవాటిలో అన్నిటికన్నా ముఖ్యమైనది ఇదే. దీనికి కొత్త భవనాలు అక్కర్లేదు, పెద్ద బడ్జెట్ అక్కర్లేదు. లెక్క కట్టే పద్ధతి మారిస్తే చాలు.

ఈ లెక్క ఎక్కడెక్కడ తగులుతుందో బయటివాళ్లకు తెలియదు. కేంద్రీయ విద్యాలయంలో సీటు సంగతే తీసుకోండి. తండ్రికి గత ఏడేళ్లలో ఎన్ని బదిలీలు అయ్యాయో చూసి పిల్లలకు ప్రాధాన్యం ఇస్తారు. బదిలీ అనాలంటే కొత్త చోటు కనీసం 20 కిలోమీటర్ల దూరంలో ఉండాలి, ఒక్కో చోట కనీసం ఆరు నెలలు ఉండాలి. ఆఫీసులో పనిచేసే ఉద్యోగికి అది న్యాయమైన కొలత. ఏడేళ్లలో నలభై చోట్ల పడుకున్న జవానుకు ఆ కొలత ప్రకారం ఒకటో రెండో బదిలీలు వస్తాయి. దేశంలో అందరికన్నా ఎక్కువ తిరిగినవాడు కాగితం మీద కదలని మనిషి అవుతాడు. మా అమ్మాయిని రెండో తరగతి మధ్యలో ఊరి నుంచి క్వార్టర్స్ దగ్గరి ఒక ప్రైవేటు స్కూలుకు మార్చడానికి వెళ్తే అక్కడ అడిగిన మొదటి కాగితం తండ్రి ట్రాన్స్‌ఫర్ ఆర్డర్. లేని ఆర్డర్ ఎక్కణ్ణుంచి తెస్తాను?

2019లోనే కేంద్ర హోంమంత్రి అమిత్ షా గారు ఒక మాట చెప్పారు. ప్రతి జవానూ ఏడాదిలో కనీసం 100 రోజులు కుటుంబంతో గడిపేలా చూడాలని. మా క్వార్టర్లలో ఆ వార్త వచ్చిన రోజు ఒకళ్లకొకళ్లం ఫోన్లు చేసుకున్నాం. స్వీట్లు పంచుకున్నామంటే నమ్ముతారో లేదో. తర్వాత కూర్చుని లెక్క వేసుకున్నాం. అప్పటికి ఏడాదికి 60 రోజుల ఆర్జిత సెలవు, 15 రోజుల క్యాజువల్ సెలవు. మొత్తం 75. అవన్నీ ఒక్కటి కూడా పోకుండా దొరికినా ఇంకా 25 రోజులు తక్కువ. ఆ 25 రోజులు సెలవుల్లోంచి రావు. జవాను డ్యూటీ చేస్తూనే సాయంత్రానికి ఇంటికి రాగల చోట కుటుంబం ఉంటేనే వస్తాయి. అంటే క్వార్టర్ ఉన్న చోట ఆయన ఉండాలి, లేకపోతే ఆయన ఉన్న చోటికి మమ్మల్ని రానివ్వాలి. మూడో దారి నాకు కనిపించడం లేదు. మీకు కనిపిస్తే చెప్పండి.

సైన్యంలో ఈ విషయం మీద కనీసం స్పష్టత ఉంది. పీస్ స్టేషన్ అంటే ప్రశాంతమైన చోటు, కుటుంబం ఉండొచ్చు. ఫీల్డ్ అంటే సరిహద్దు లాంటి ప్రమాదమున్న చోటు, ఉండకూడదు. ఫీల్డ్‌లో ఉన్నవాళ్ల కుటుంబాల కోసం వేరే చోట ప్రత్యేకంగా ఇళ్లు కేటాయించే పద్ధతి కూడా ఉంది. ఫీల్డ్‌లో కొన్నాళ్లు చేసినవాడికి తర్వాత పీస్ వస్తుందన్న ఆశ ఉంటుంది. సైనికుల భార్యలకూ కష్టాలున్నాయి, నాకు తెలుసు. 2001 డిసెంబరులో పార్లమెంటు మీద దాడి తర్వాత ఆపరేషన్ పరాక్రమ్ పేరుతో సరిహద్దుకు వెళ్లిన సైనికులు దాదాపు పది నెలలు అక్కడే ఉండిపోయారు. సికింద్రాబాద్ కంటోన్మెంట్‌లో, ఇంకా దేశంలో ఎన్ని కంటోన్మెంట్లున్నాయో అన్ని చోట్లా, ఆ పది నెలలూ పిల్లలతో ఒంటరిగా ఉన్న ఆడవాళ్లను అడిగితే చెబుతారు. కానీ అది ఎప్పుడో ఒకసారి వచ్చే పరిస్థితి. మాకు అదే రోజువారీ బతుకు. పీస్, ఫీల్డ్ అన్న విభజన మాకు లేదు. ఎన్నికలు, యాత్రలు, అల్లర్లు, మళ్లీ ఎన్నికలు. 2024 లోక్‌సభ ఎన్నికలకు ఎన్నికల సంఘం 3,400 కంపెనీలు అడిగింది. ఏప్రిల్ 19 నుంచి జూన్ 1 దాకా పోలింగ్ సాగింది. ఒక్కో కంపెనీలో వంద మంది అనుకున్నా ఎన్ని లక్షల ఇళ్లో చూడండి.

మీరు చెప్పబోయే అభ్యంతరాలు నాకు తెలుసు. వాటిలో సగం నేనూ ఒప్పుకుంటాను. బస్తర్ అడవుల్లో క్యాంపు దగ్గరికి కుటుంబాన్ని రానివ్వమని నేను అడగను. ఆ దారిలో నేల కింద ఏముందో ఎవరికీ తెలియదు. కశ్మీర్‌లో ముందు వరస పోస్టుల దగ్గరికి, 2023 మే తర్వాతి మణిపుర్ లాంటి చోటికి రానివ్వమని కూడా అడగను. మూవ్ ఎప్పుడో, ఎటో ముందుగా బయటపెట్టలేరని తెలుసు. భార్యాపిల్లలు పక్క వీధిలో ఉంటే జవాను మనసు డ్యూటీ మీద ఉండదని కొందరు అధికారులు అంటారు. ఇది మాత్రం ఒప్పుకోను. తుపాను రాత్రి మా ఆయన ఛత్తీస్‌గఢ్‌లో ఉన్నారు. మనసు ఎక్కడుందో ఆయన్ని అడగండి. పిల్లలు క్షేమంగా ఉన్నారని కళ్లతో చూసిన మనిషి రాత్రి హాయిగా పడుకుంటాడు, పొద్దున తుపాకీ సరిగ్గా పట్టుకుంటాడు.

నేనడిగేది ప్రమాదం లేని చోట్ల గురించి. రెండు మూడు నెలల పాటు కంపెనీని ఒక మామూలు పట్నంలో ఉంచుతారు. చుట్టూ బజారు, బస్టాండు, ఆస్పత్రి, అన్నీ ఉంటాయి. వరంగల్ వైపు నేను వెళ్లిన ఊరు అలాంటిదే. అలాంటి చోట కుటుంబం వచ్చి వారం పది రోజులు ఉంటే ఎవరికి నష్టం? ఈ చోటుకు రావచ్చు, ఈ చోటుకు రాకూడదు అని మీరే జాబితా వేయండి. కంపెనీ కమాండర్ దయ మీద ఆధారపడకుండా అది ఒక ఉత్తర్వుగా ఉండాలి. నాకు దొరికిన పెద్దాయన మంచివారు కాబట్టి మూడు గంటలు దొరికాయి. ఇంకో చెల్లెలికి అదీ దొరక్కపోవచ్చు.

ఉండటానికి చోటు కూడా పెద్ద సమస్య కాదనే అనుకుంటున్నాను. దేశమంతటా మీ గ్రూప్ సెంటర్లు, బెటాలియన్ హెడ్‌క్వార్టర్లు, ట్రైనింగ్ సెంటర్లు ఉన్నాయి. హైదరాబాద్ చుట్టుపక్కలే ఎన్ని ఉన్నాయో మీకు నాకన్నా బాగా తెలుసు. ఒక్కోచోట పది గదులు తాత్కాలిక డ్యూటీలో ఉన్నవాళ్ల కుటుంబాల కోసం విడిగా పెట్టండి. ఏ దళం గది అయినా ఏ దళం వాళ్లయినా వాడుకునేలా ఉండాలి. 2022 సెప్టెంబరులో మీరే ఈ-ఆవాస్ పోర్టల్ తెచ్చారు కదా. ఒక దళంలో ఖాళీగా ఉన్న క్వార్టర్‌ను ఇంకో దళం వాళ్లకు ఇచ్చేలా చేశారు. అది మంచి పని. నా స్నేహితురాలికి దానివల్లే ఇల్లు దొరికింది. అదే పోర్టల్‌లో ఈ గదులు కూడా చూపిస్తే సరిపోతుంది. అద్దె తీసుకోండి, ఇస్తాం. ఏడాదికి ఒకసారి స్లీపర్ క్లాసు చార్జీ మీరు భరిస్తే మా లాంటి వాళ్లకు ఎంతో మేలు. భరించలేకపోయినా గది ఉందని తెలిస్తే అప్పుచేసైనా వస్తాం.

ఎన్నికల డ్యూటీకి కంపెనీలు వచ్చినప్పుడు వసతి చూసేది జిల్లా యంత్రాంగం. కాబట్టి ఆంధ్రప్రదేశ్, తెలంగాణ కలెక్టర్లకు, ఎస్పీలకు కూడా ఒక మాట. మీ జిల్లాకు వచ్చే ఒడియా, బెంగాలీ, రాజస్థానీ జవాన్ల భార్యలకు భాష రాదు. వాళ్లు పిల్లలతో లాడ్జీ మెట్లెక్కితే మన తెలుగు లాడ్జీ వాళ్లు వాళ్లను ఎన్ని ప్రశ్నలు వేస్తారో నేను చూశాను. పోలీసు గెస్ట్‌హౌస్‌లో ఒక గది, ఒక ఫోన్ నంబరు ఉంచండి. మా ఆయన ఎక్కడో దూరాన ఉంటే అక్కడివాళ్లు నాకు అలా చేస్తారని నమ్ముకుంటాను.

వెంట వెళ్లడం అందరికీ కుదరదు. అది కూడా చెప్పాలి. మా మావయ్యకు ఉద్దానం కిడ్నీ జబ్బు. 2020 నుంచి డయాలసిస్ మీద ఉన్నారు. ఆయన్ని వదిలి నేను నెలల తరబడి ఎక్కడికీ వెళ్లలేను. దాని బదులు మా ఆయన కంపెనీ ఎక్కడుంది, ఎప్పటిదాకా ఉండొచ్చు అన్నది తెలిస్తే డయాలసిస్ రోజులు చూసుకుని మధ్యలో నాలుగు రోజులు వెళ్లి రాగలను. తేదీ ఎందుకు అడుగుతున్నానో ఇప్పుడు అర్థమై ఉంటుంది. మూవ్ ఆర్డర్ మీద ఎప్పుడు బయల్దేరాలో ఉంటుంది. ఎప్పుడు తిరిగి రావాలో ఉండదు. రహస్యం బయటపెట్టక్కర్లేదు. ‘ఫలానా తేదీ దాటితే మళ్లీ సమీక్షిస్తాం, ఆ రోజు కుటుంబానికి కబురు చేస్తాం’ అన్న ఒక్క వాక్యం చాలు. పొడిగిస్తే పొడిగించండి. పొడిగించామని చెప్పండి. ఆ కబురు చేయడానికి హెడ్‌క్వార్టర్‌లో ఒక మనిషి, ఒక నంబరు ఉండాలి. ఇప్పుడు మాకు కబురు అందేది ఒక జవాను భార్య నుంచి ఇంకో జవాను భార్యకు వాట్సాప్‌లో. అందులో సగం పుకార్లే.

మహిళా జవాన్ల గురించి కూడా ఒక మాట రాయాలి. సీఆర్పీఎఫ్‌లో పూర్తిగా మహిళలతోనే 88వ బెటాలియన్ ఏర్పడింది 1986లో. ఇన్నేళ్ల తర్వాత కూడా జవాను కుటుంబం అనగానే అందరికీ గుర్తొచ్చేది భార్య, పిల్లలే. పాలు తాగే పిల్లను అమ్మమ్మకు అప్పగించి ఎన్నికల డ్యూటీకి వెళ్లిన ఒక కానిస్టేబుల్ నాకు తెలుసు. ఆమె వెంట వెళ్లాల్సింది భర్త, లేకపోతే ఆ అమ్మమ్మ. నియమం రాసేటప్పుడు వాళ్ల కోసమూ రాయండి.

ఇప్పుడొక అంకె చెప్పాలి. రాయడానికి చెయ్యి రావడం లేదు. 2018 నుంచి 2022 దాకా ఐదేళ్లలో ఈ దళాల్లో 654 మంది ఆత్మహత్య చేసుకున్నారని ప్రభుత్వమే 2023లో పార్లమెంటుకు చెప్పింది. అందరి కారణం ఒకటే అని నేననను. అప్పులుంటాయి, జబ్బులుంటాయి, ఇంట్లో గొడవలుంటాయి. కానీ అప్పూ గొడవా మూడు వారాల్లో ఇంటికెళ్లి కూర్చుని మాట్లాడుకుంటే చిన్నవవుతాయి. ఎనిమిది నెలలు ఫోన్లో మాత్రమే మాట్లాడుకుంటే పెద్దవవుతాయి. భార్యగా నాకు తెలిసిన నిజం ఇది. ఫోన్లో గొడవ పడి ఫోన్ పెట్టేశాక ఆ రాత్రి మేం ఇక్కడ ఎలా గడుపుతామో మాకు తెలుసు. వాళ్లు అక్కడ ఎలా గడుపుతారో అని భయపడుతూ గడుపుతాం. మా క్వార్టర్లలో ఒక ఇంటికి అలాంటి కబురు వచ్చింది. ఆ ఇంటి గురించి ఇంతకన్నా రాయను.

నియమాలు మారవని నాతో చాలామంది అన్నారు. మారతాయి. 2019 ఫిబ్రవరి 14న పుల్వామాలో 40 మంది సీఆర్పీఎఫ్ జవాన్లు పోయారు. వాళ్లలో చాలామంది సెలవు ముగించుకుని ఇళ్ల నుంచి తిరిగి డ్యూటీకి వెళ్తున్నవాళ్లు. అప్పటిదాకా కానిస్టేబుళ్లు, హెడ్ కానిస్టేబుళ్లు, ఏఎస్ఐలకు కశ్మీర్‌కు మామూలు విమానాల్లో టికెట్ మీద వెళ్లే అర్హత లేదు. ఫిబ్రవరి 21న, సరిగ్గా ఏడు రోజుల్లో, మీ శాఖే ఉత్తర్వు ఇచ్చింది. ఢిల్లీ నుంచి శ్రీనగర్‌కు, జమ్మూ నుంచి శ్రీనగర్‌కు డ్యూటీ మీద వెళ్లినా, సెలవు మీద వచ్చినా విమానంలో వెళ్లొచ్చని. 7,80,000 మందికి ఆ సౌకర్యం అందింది. మా ఆయన మొట్టమొదట విమానం ఎక్కింది ఆ ఉత్తర్వు వల్లే. కిటికీ లోంచి మంచు కొండల ఫొటో తీసి పంపారు. ఏళ్లుగా కాదన్నది వారంలో ఔనన్నారు. ఆ వారం రావడానికి 40 ఇళ్లు చీకటయ్యాయి. ఈసారి అలాంటి వారం కోసం ఆగకండి.

నేను కోరేది మళ్లీ చెప్పక్కర్లేదు, పైన రాశాను. ఒకటే అదనంగా అడుగుతాను. ఈ నియమాలు రాసే గదిలో ఒక్కసారైనా మా లాంటి ఆడవాళ్లను కూర్చోబెట్టండి. వెల్ఫేర్ మీటింగుల్లో టీ, బిస్కెట్లు పెట్టి మా సమస్యలు అడుగుతారు. క్వార్టర్ కుళాయి గురించి, క్యాంటీన్ గురించి చెబుతాం. అవి అక్కడికక్కడే తీరుతాయి కూడా. తాత్కాలికం గురించి అడిగితే మాత్రం ‘అది పై నుంచి రావాలి’ అంటారు. ఆ పైన ఉన్నది మీరే కాబట్టి ఈ ఉత్తరం మీకే రాశాను.

జవాబు హిందీలో ఇచ్చినా ఫర్వాలేదు, క్వార్టర్ల జీవితంలో నేర్చుకున్నాను. మా అమ్మాయికి ఇప్పుడు పద్నాలుగేళ్లు, ఇంగ్లిష్‌లో ఇస్తే అది చదివి చెబుతుంది. వాళ్ల నాన్న ఈ వారం మళ్లీ బయల్దేరారు. పెట్టె, పరుపు సర్దింది అదే. ఎప్పుడొస్తావని ఇప్పుడు అడగడం మానేసింది.

ఇట్లు,
ఒక జవాను భార్య,
ఉద్దానం, శ్రీకాకుళం జిల్లా